ఆరు రోజుల కాలు

అనంతపురంలో పేదలకు కృత్రిమ కాళ్లు చేసిచ్చే ఒక ట్రస్టు షెడ్డు. గోడ మీద, ఏ పని ఏ దశలో ఉందో గడులు గీసి చూపే కాన్‌బాన్ బోర్డు, దాని నిండా ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. పని ఎంత వేగంగా సాగుతోందో ఆ కార్డులను బట్టి లెక్కగట్టే త్రివేణికి ఆ బోర్డంటే మహా ముద్దు. పామిడి నుంచి వచ్చిన ఓబుళేసు సంచి పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. సంచిలో అతని కూతురి కాలు ఉంది.

“వాపసు తీసుకునేది లేదన్నా. మీ గంగాదేవి కార్డు ‘అయిపోయినవి’ గడిలోకి పోయి ఇరవై రోజులాయె.”

“అయిపోలేదు గదమ్మా. బిడ్డకు పట్టలేదు.”

“పట్టలేదా? ఆ పొద్దు ఈడనే తొడిగితిమి. బాగుందా పాపా అని నేనే అడిగితి. బాగుందనింది. వాకిలి దాకా నడిచింది.”

“పళ్లు బిగబట్టుకొని నడిచిందిలే. ఇంటికి పోయి తీసి చూస్తే అంతా బొబ్బలు.”

“కొత్తల్లో అట్లనే ఉంటాదన్నా, లోపల మెత్తని గుడ్డ…”

“గుడ్డ పట్టే సందు యాడుండాది? బిగుతు.”

“బిగుతెట్లయితాది? కొలత తీసే చేసినాము. ఆరు రోజులన్నా. మా బోర్డులో అంత బిరీన ఎవురి కాలూ కాలేదు. రేపు ట్రస్టుకు దుడ్లిచ్చేవాళ్లొస్తే మీ కార్డే చూపియ్యాలనుకుంటాండా.”

“ఆరు రోజులు యాడనుంచి లెక్క?”

“కార్డు ‘చేస్తాండేవి’ గడిలోకి మారినప్పటి నుంచి. కాలు చేతికిచ్చేదాకా. అదే మా వేగం.”

“కొలత ఎప్పుడు తీసినారు?”

“అది… పోయినేడు. శ్రావణంలో.”

“ఇప్పుడు ఆషాఢం. నడమ అన్ని నెల్లు ఆ కార్డు యాడుండె?”

“‘రాసుకున్నవి’ గడిలో. ఆ గడికి లెక్క లేదన్నా. పని మొదలుపెట్టినాకనే లెక్క. నేను సొంతంగా పెట్టింది కాదు, మాకట్లనే నేర్పించినారు.”

“మీకు లెక్క లేదు, సరే. బిడ్డ ఆ గడిలోనే ఎదిగిందమ్మా.”

“కూర్చో అన్నా. నీళ్లు తాగు.”

“నీళ్లొద్దు. వేరే కాలు చెయ్యండి.”

“చేస్తాం. కాకుంటే కొత్త కార్డు రాయల్ల. అందరికన్నా అడుగున పెట్టల్ల.”

“అంటే మళ్లా ఏడాదా?”

“తొమ్మిది నెల్లు కావచ్చు. ముందు నూటా నలభై మంది ఉండారు.”

“అప్పటికి మళ్లా ఎదుగుతాది గదమ్మా.”

“వరస అంటే వరసేనన్నా, అందరికీ అంతే.”

“చెప్పు తల్లీ. ఎదుగుతాదా, ఎదగదా?”

“పెద్దసారుతో నేను మాట్లాడతా. గంగాదేవి కార్డు పైన పెట్టిస్తా. ఒప్పుకోకుంటే కొట్లాడతా. రేపు పాపను పిల్చుకొని రా అన్నా, కొత్త కొలత తీద్దాం.”

“రాదమ్మా.”

“నా మీద కోపమా?”

“కోపమెందుకు? నువ్వంటే శానా ఇష్టం దానికి. శ్రావణంలో కొలత తీసినప్పుడు ఏమంటివో గుర్తుండాదా?”

“ఏమంటి?”

“బుగ్గ గిల్లి, కాలొచ్చేదాకా ఎదగొద్దు పాపా అంటివి.”

“నగుతా అంటినన్నా. పిల్లోళ్లతో అంటాం గదా.”

“నగుతానే అంటివి. అది నమ్మింది. ఆ పొద్దు నుంచి సగం ముద్దే తింటాంది. ఆకలి కాలేదంటాది, ఇస్కూల్లో తింటినంటాది. మాకేం తెలుసు?”

“అన్నా…”

“నిన్న బొబ్బలకు నూనె పూస్తాంటే వాళ్లమ్మకు చెప్పేసింది. తప్పు నాదేమ్మా, నేనింకా తక్కువ తినుండాల్సింది అని.”