ఖాళీ మంచం

వృద్ధుల హోమ్‌లో నర్సుల గది. మధ్యాహ్నం మందులిచ్చి వచ్చి కూర్చున్న నర్సు. ఎదురుగా, ఒకప్పుడు ఐసీయూలో ఆమెకు పని నేర్పిన సీనియర్.

"ఇక్కడ ఒక్కో నర్సుకి ఎంతమందే?"

"పద్నాలుగు మంది. ముందు టీ తాగక్కా, చల్లారిపోతోంది. అయినా పాతికేళ్లు ఐసీయూలో చేసినదానివి, నీకిక్కడేం తోస్తుంది?"

"ఎందుకు తోచదు?"

"అక్కడ మానిటర్ మోగితే పరుగు. సాయంత్రానికి మనిషి సంగతి అటో ఇటో తేలిపోతుంది. ఇక్కడ ఏదీ తేలదు. నిన్నటి మాత్రే ఇవాళ. నిన్న దువ్విన తలే ఇవాళ."

"నువ్వు మానేసి వచ్చేటప్పుడు నేనూ అదే అన్నాను కదూ."

"'చేతిలో అంత పని పెట్టుకుని ముసలాళ్లకి తలలు దువ్వడానికి పోతావా' అన్నావు. ఏడాదిపాటు నా ఫోనెత్తలేదు."

"తప్పేలే."

"పోనీలే అక్కా. మొదట్లో నాకూ అలాగే అనిపించేది. ఐసీయూలో మానిటర్ చూడ్డమే గానీ పేషెంటు మొహం సరిగ్గా చూడం కదా, ఇక్కడ రోజంతా మొహమే చూడాలి. మూడో గదిలో టీచరమ్మ ఉంది. కుడి పిడికిలి బిగించిందంటే నొప్పన్నమాట. అది కనిపెట్టడానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది."

"నువ్వు సెలవు పెడితే?"

"రాసిపెట్టి వెళ్తాను."

"చదువుతారా?"

"కొందరు చదువుతారు."

"కొందరు."

"అందరి సంగతీ నేనెలా చెప్పను?"

"వాళ్ల వాళ్లు వస్తూంటారా?"

"మొదటి నెల వారం వారం వస్తారు. తర్వాత ఫోన్లు. ఆ తర్వాత ఫోన్లో కూడా తల్లిని పిలవమనరు, 'తిన్నదా' అని నన్నే అడిగి పెట్టేస్తారు."

"మతిమరుపు వచ్చినవాళ్లు అడిగిందే మళ్లీ అడుగుతుంటే మీరు విసుక్కుంటారా?"

"విసుక్కోమంటే అబద్ధమవుతుంది. నేనూ ఒకసారి కిటికీ పక్క మంచం ఆవిడ మీద గట్టిగా అరిచాను. ఎందుకరిచానో కూడా ఆవిడకి తెలీదు, తిరిగి నన్నే క్షమించమంది. బాత్రూంలోకెళ్లి ఏడ్చాను."

"అరిచినా మళ్లీ వెళ్లావుగా ఆవిడ దగ్గరికి."

"ఎక్కడికి పోతాను? ఆవిడ పోయేదాకా నా చేతిముద్దే తిన్నది. పోయి పది రోజులైంది, ఆ మంచం ఇంకా ఖాళీగానే ఉంది."

"ఒక్కో నర్సుకి ఎంతమంది ఇక్కడ?"

"పద్నాలుగని ఇప్పుడే చెప్పాను కదక్కా. నిద్రపోయావా అసలు?"

"లేదు. సరిగ్గా పట్టడం లేదు."

"ఐసీయూ డ్యూటీలు ఇక చాలించు. ఇక్కడ పోస్టొకటి ఉంది, రేపే మా మేనేజర్‌తో చెప్తాను. నీ పేరు చెబితే కళ్లకద్దుకుంటుంది."

"పోస్టు కోసం కాదే. ఆ మంచం సంగతి చెప్పు. ఎవరికైనా ఇస్తామన్నారా?"

"ఇంకా లేదు. ఎవరికక్కా? మీ అమ్మ పోయి పదేళ్లయింది. ఇంట్లో నువ్వొక్కదానివేగా."

"నాకేనే. నాకూ మతిమరుపు జబ్బేనని డాక్టరు చెప్పి నెలయింది. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నానో నాకు తెలుస్తున్నప్పుడే, నువ్వున్న చోట చేరిపోదామని వచ్చాను."