అరచేతి దెబ్బకు లెక్క రాసిన మాస్టారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, మన ఆయుధ కర్మాగారపు పరీక్షా విభాగంలో సహాయ పరీక్షకులుగా చేరిన మాస్టారు, ముప్పై ఐదేళ్ళ సేవను ముగించి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పద్నాలుగేళ్ళు వారితో ఒకే కాల్పుల రేంజిలో పనిచేసినదానిగా ఈ వ్యాసం రాసే గౌరవం నాకు దక్కింది. వీడ్కోలు సంచిక సంఘంవారు "మంచి సంగతులే రాయండమ్మా" అన్నారు. మంచి సంగతే రాస్తున్నాను. అది ఎవరికైనా చేదుగా ఉంటే ఆ దోషం నాది కాదు.

తొలి ఆరేళ్ళు వారిది గురి పరీక్ష. ఇసుక బస్తా మీద చేతులానించి, ఇరవై ఐదు మీటర్ల దూరంలోని కాగితం మీద ఐదు తూటాలు కాల్చి, బాగా ఎడంగా పడిన రెండు చిల్లుల మధ్య స్కేలు పెట్టి కొలిచేవారు. ఐదూ అరచేతిలో ఇమిడేంత దగ్గరగా పడినా "మళ్ళీ" అనేవారు. అలా మనందరికీ 'మళ్ళీ మాస్టారు' అయ్యారు. ఇంట్లోనూ అంతేనని వారి భార్య, నేను అక్కయ్యా అని పిలుచుకునే ఆవిడ, ఒకసారి చెప్పారు: "బయటికెళ్తూ తాళం ఐదుసార్లు లాగి చూస్తారమ్మా. ఓరోజు గడియ ఊడి చేతికొచ్చింది. తప్పయిందంటారేమో అనుకున్నా. 'చూశావా, నాకు ముందే అనుమానం' అన్నారు!"

తరువాత వారికి నమ్మకపు పరీక్ష అప్పగించారు. తుడవకుండా, నూనె వేయకుండా ఒక్కో పిస్తోలుతో ఐదువందల తూటాలు పేల్చి, ఎన్నిసార్లు ఆగిందో రాయాలి. మన రేంజిలో ఒక అలవాటుంది. తూటా పూర్తిగా లోపలికి వెళ్ళక పైభాగం మూసుకోకపోతే, వెనక నుంచి అరచేత్తో ఒక్కటి చరుస్తారు. మూసుకుంటే అసలు ఆగనట్టే లెక్క. ఏ నియమావళిలోనూ లేని ఈ నియమాన్ని ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేరు. నేను రేంజిలో సహాయకురాలిగా చేరిన వారంలోనే మాస్టారు అడిగారు: "ఎన్నిసార్లు ఆగిందమ్మా?"

"ఒక్కసారీ ఆగలేదండీ."

"మరి నేను చరిచింది దోమననుకున్నావా?"

పెద్దయ్యాక చదువు నేర్చుకున్న నాకు అక్షరాలు కొత్తగా వచ్చిన రోజులవి. రిజిస్టరులో "ఆగింది" అని ఆ పూట నాచేత మూడుసార్లు రాయించారు.

రెండువేల పదహారులో మూడువందల పిస్తోళ్ళ సరుకు పరీక్షకు వచ్చింది. నమూనాగా తీసిన ఇరవై పిస్తోళ్ళకీ కలిపి నలభై ఒక్కసార్లు చరచవలసి వచ్చింది. మాస్టారు నలభై ఒకటీ రాశారు. అప్పటి పెద్దసారు స్వయంగా రేంజికి దిగివచ్చారు.

"ఒక్క దెబ్బకి దారికొచ్చిందిగా మాస్టారూ, దాన్నీ రాస్తారా?"

"దెబ్బ వేయకపోతే రాలేదుగా సార్."

"లోకమంతా చరుస్తుందయ్యా! మీకొక్కరికే చాదస్తం."

"ఎదుటివాడు కాలుస్తుంటే, 'ఉండు బాబూ, ఓసారి చరుచుకుంటాను' అంటే ఆగుతాడా సార్?"

ఆ ప్రశ్నకు జవాబుగా మందలింపు ఉత్తర్వు వచ్చింది. "ఉత్పత్తికి అడ్డుపడే వైఖరి" అని వారి సర్వీసు పుస్తకంలో రాసి, పాత కాగితాల గదికి పంపారు. సరుకు మరొకరి సంతకంతో గేటు దాటింది. మరుసటి ఏడాది నూట పదహారు పిస్తోళ్ళు తిరిగివచ్చాయి. ఫిర్యాదు అన్నిటికీ ఒక్కటే: మూసుకోవడం లేదు. మాస్టారిని చడీచప్పుడు లేకుండా రేంజికి పిలిపించారు. రాసిన మాటను మాత్రం కొట్టివేయలేదు. వారు ఏడేళ్ళలో నాలుగు అర్జీలు పెట్టుకున్నారు. నాలుగింటికీ "పరిశీలనలో ఉంది" అనే జవాబు.

నా భర్త కాపలా ఉద్యోగి. అవసరమైన క్షణంలో పేలని పిస్తోలు చేతిలో ఉండగా పోయారు. అది మన కర్మాగారంలో తయారైనది కాదు. అయినా ఎక్కడో ఒక రేంజిలో ఎవరో దాన్ని చరిచి, రాయకుండా ఊరుకున్నారనే నా నమ్మకం. అక్కడ ఇలాంటి మాస్టారు ఒక్కరుంటే చాలేది. అలాంటి మనిషిని "అందరితో సర్దుకుపోయే సౌమ్యులు" అని వీడ్కోలు సభ ఆహ్వానపత్రంలో అచ్చువేయడానికి మనకు చేతులెలా వచ్చాయి? సర్దుకుపోనందుకే కదా వారిని శిక్షించాం! శాలువా కప్పే చేతులతోనే ఆ ఒక్క వాక్యాన్ని కొట్టివేస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఆ సర్వీసు పుస్తకం ఆ వాక్యం లేకుండా తెల్లగా వారి చేతికందే రోజు రావాలని, ఆనాటికి వారి చూపూ చేయీ ఇప్పటిలాగే నిలకడగా ఉండాలని, పక్కన అక్కయ్య నవ్వుతూ ఉండాలని మనసారా కోరుతున్నాను. మన కార్యాలయంలో కాగితం కదిలే వేగం తెలిసినదాన్ని గనుక నూరేళ్ళ దీవెనతో సరిపెట్టలేను. మాస్టారూ, ఇంకా ఎక్కువే బతకండి.