ఎర్రట్ట పుస్తకంల కమలవ్వ

జగిత్యాల దగ్గరి ఒక ఊరు, 1986. బీడీ కార్ఖానాలో బల్ల వెనుక మున్షి కొండల్‌రావు. బల్ల ముందు బీడీలు చేసే చంద్రవ్వ, ఆమె పక్కింటి హఫీజా.

“లేదంటె లేదమ్మా. రిజిస్టర్‌ల నీ పేరే లేదు. నీ పేరు మీద బీడీ కార్డెట్ల రాస్త?”

“పేరు లేకుంటె మనిషి లేదా సారూ? పన్నెండేండ్ల సంది గీ చేతులతోనే చేస్తున్న.”

“రిజిస్టర్‌ల కమలవ్వ అని ఉన్నది. నువ్వు చంద్రవ్వవు. ఒడ్సిపాయె.”

“కమలవ్వ మా అత్త. నేను కాపురానికొచ్చిన ఏడాదే ఆమె కండ్లు మసకబట్టినయ్. ఆకు కత్తిరించుడు నాది, చుట్టుడు నాది. పేరొక్కటే ఆమెది.”

“గట్లని కంపెనోళ్లకు చెప్తె నవ్వుతరు. సాక్ష్యం కావాలె.”

“సాక్ష్యం ఇగో, పక్కనే నిలవడ్డది. చెప్పు హఫీజా.”

“మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ మున్షీసాబ్. పొద్దంత ఒక్క అరుగు మీదనే కూసుంటం. నా బీడీల చాట నాది, చంద్రవ్వ చాట చంద్రవ్వది. ఖుదా కసమ్.”

“నువ్వామె దోస్తువు. దోస్తు సాక్ష్యం చెల్లదు.”

“మరి దుష్మన్‌ను తోల్కరావాల్నా సాబ్? జర టైమియ్యి, ఎతుకుత.”

“ఎక్కసక్కాలాడకు హఫీజా!”

“సరే, మనిషి మాట వద్దు. నా గోర్లు చూడు సారూ, ఎట్ల అరిగినయో.”

“గసుంటి గోర్లు గీ ఊళ్లె మున్నూరు మందికున్నయ్.”

“అయితె బీడీనే చూడు. పోయిన వారం కమలవ్వ పేరు మీది కట్ట పట్టుకొని ‘గీ ఉల్టా దారం చుట్టుడెవరిది’ అని నువ్వే అరిస్తివి. నాదే. ఎడమచేతి దాన్ని.”

“మీ అత్తది గూడ ఎడమచెయ్యే కావచ్చు.”

“కాదు. జర ఆకు ఇయ్యి, నీ ముందటనే చుట్టి చూపిస్త.”

“చుట్టుడు అందరికొస్తది. చేసుడు వేరు, రాసుడు వేరు. గీ ఎర్రట్ట పుస్తకంల ఉంటెనే ఉన్నట్టు. అయినా ఎందుకింత పట్టు? నీ బీడీలు తీసుకుంటలేనా?”

“బీడీలు తీసుకుంటున్నవు. నా దగ్గు ఎవలు తీసుకుంటరు? మూడు నెలల సంది దగ్గుతున్న. బీడీ దవాఖానకు పోతె కార్డు చూసిండ్రు. డెబ్బయేండ్ల కమలవ్వ అని ఉన్నది. పొమ్మన్నరు. దగ్గు నాది, కార్డు అత్తది.”

“ఇంకోసారి పో. ఇంకో డాక్టరుంటడు. ఎవలడుగుతరు?”

“నేనే అడుగుత. నా పానానికి ఇంకొకల పేరేంది?”

“చూడమ్మా, నేనొచ్చి ఏడాదైంది. పాతాయన రాసినట్టే రాస్తున్న. కమలవ్వ వారం వారం వస్తది, గీ బల్ల ముందట నిలవడి వేలిముద్ర ఏస్తది. ఇగో, పోయిన శనివారంది. అబద్ధమా?”

“నువ్వు చూసినవా సారూ?”

“నా కండ్ల ముందట.”

“పోయిన శనివారం గూడ?”

“చెప్తున్న గద! గీ రెండు కండ్ల ముందట!”

“విన్నవా హఫీజా?”

“విన్న.”

“నీ సాక్ష్యం చెల్లదు గని, యాది పెట్టుకో. సారూ, గీ కాయితం జర సదువు. పంచాయతాఫీసుది.”

“ఏందిది? కమలవ్వ... మరణ... ఎప్పటిదిది?”

“మూడేండ్లాయె మా అత్త పోయి.”

“మూడేండ్లా? మరి వారం వారం...”

“ఆమె పోయినంక పాతాయనకు చెప్తె, ‘పేరు మార్చుడు పరేషాన్, నువ్వే వేలు పెట్టు’ అన్నడు. పెట్టిన. నువ్వొచ్చినంక గూడ పెట్టిన. పుస్తకం ముందటికి నూకుడే గని, నువ్వు తలెత్తింది ఎన్నడు?”

“మెల్లగ మాట్లాడు చంద్రవ్వా. గా కాయితం లోపల పెట్టు. కంపెనీల తెలిస్తె నా నౌకరి...”

“లోపల పెట్టను. సిరా డబ్బ ఇటు జరుపు. పోయిన శనివారం ముద్ర పక్కనే ఇంకోటి ఏస్త, రెండూ కలిపి చూడు. పుస్తకంల ఉంటెనే ఉన్నట్టంటివి గద సారూ? మూడేండ్ల సంది అండ్ల ఉన్నది నేనే.”