పదహారో పేరు

“చెయిన్‌కు ఎంతసేపు నూనె పెడ్తవ్, కమలాకర్? ముఖం ఇటు తిప్పి చెప్పు. రేపు మాట్లాడ్తవా, మాట్లాడవా?”

“చెప్పిన కదా, జితేంద్రా. మాట్లాడ.”

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో శనివారం మధ్యాహ్నం. అపార్ట్‌మెంటు వెనక సైకిళ్ళ షెడ్డులో కమలాకర్ సైకిలు తలకిందులుగా నిలబెట్టి, తుడిచిన చెయిన్‌కే మళ్ళీ నూనె పెడుతున్నాడు. అతను బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి స్థిరపడ్డ ఇంజినీరు. ఎదురుగా నిలబడ్డ జితేంద్ర ముప్పై నాలుగేళ్ళ వయసులో ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. ఒకప్పుడు ఊళ్ళో జూనియర్ కాలేజీ ఫుట్‌బాల్ టీముకు కెప్టెన్. ఆ టీమును తయారుచేసిన పుల్లయ్య సారు పోయి అది తొమ్మిదో రోజు.

“ఎందుకు మాట్లాడవు?”

“కీటాల, అదే బిడ్డ పోయే చిన్నపిల్లల బడిల, ఫంక్షన్ ఉంది. బిడ్డను తీస్కపోవాలె.”

“ఆదివారం కీటా ఎక్కడిది?”

“ఏదో ఒకటి ఉంది. పనుంది నాకు.”

“పొద్దున ట్రైన్ క్యాన్సిలయింది. బాంబెర్గ్‌ల నలభై నిమిషాలు చలిల నిలబడి వచ్చిన. పనుంది అనే మాట కోసం రాలే నేను.”

“ఎవరు రమ్మన్నరు? ఫోన్ చేస్తే సరిపోతుండె.”

“ఎత్తినవా? ఆరుసార్లు చేసిన.”

“మీటింగ్‌ల ఉన్న.”

“ఆరుసార్లూ?”

“నువ్వే మాట్లాడరాదు. కెప్టెన్‌వి నువ్వు. సంతాప సభ నీది, పోస్టర్ నీది, హాలు మాట్లాడింది నువ్వు. నా వెంబడి ఎందుకు పడ్డవ్?”

“నాకు మైకు ముందట మాటరాదు.”

“గ్రౌండ్‌ల నువ్వు అరుస్తే బస్టాండ్ దాకా ఇనవడ్తుండె.”

“గ్రౌండ్ వేరు, మైకు వేరు. హాలు ఇచ్చిన క్లబ్బు ముసలాయన గూడ వస్తనన్నడు. ఆయనకు నాలుగు ముక్కలు జర్మన్‌ల చెప్పాలె. నువ్వైతే చెప్తవ్. అదీగాక స్టేట్ ఆడిన ఏడాది టీమ్ లిస్టుల ఉన్నోళ్ళల్ల జర్మనీల ఉన్నది మనిద్దరమే.”

“లిస్టుల ఉన్నోళ్ళు.”

“ఆ.”

“మంచిగన్నవ్.”

“ఏమన్న?”

“ఏం లేదు. ఆ గుడ్డ ఇటియ్యి.”

“గుడ్డ తర్వాత. నిన్న వాట్సాప్ గ్రూపుల పెట్టిన మెసేజ్ తీసెయ్. నీకు దండం పెడ్త.”

“తియ్య.”

“చచ్చిపోయిన మనిషిని పట్టుకొని ‘స్పోర్ట్స్ సర్టిఫికెట్లు అమ్ముకున్నోనికి దండలెందుకు’ అని రాస్తవా? బాలామణి మేడమ్ ఉంది ఆ గ్రూపుల. సారు భార్య ఆమె. చదివింది అది.”

“మేడమ్ ఉన్నదని నాకెర్కలేదు.”

“ఇప్పుడెర్కయింది కదా. తీసెయ్.”

“అబద్ధం రాసిన్నా? ఎంక్వైరీ అయిందా లేదా? ఆడనోళ్ళ పేర్లు టీమ్ లిస్టులల్ల దొరికినయా లేదా? సస్పెండ్ చేసిండ్రా లేదా?”

“చేసిండ్రు. అమ్ముకున్నడని మాత్రం ఎవరూ తేల్చలే.”

“అమ్ముకోకుంటే ఊరికెనే ఇచ్చిండా?”

“సగం మంది గ్రూపుల నుంచి ఎల్లిపోయిండ్రు, కమలాకర్. పోస్టర్ మీద గురువు అని రాస్తే ఒకని లొల్లి, కోచ్ అని రాస్తే ఇంకొకని లొల్లి. మా ష్వైన్‌ఫర్ట్ కాలేజీ పిల్లలు నిన్నటిదాంక పులిహోర మేం చేస్తమన్నోళ్ళు, ఇయ్యాల ‘అన్నా, ఆ సారు కథేంది’ అని నన్నే అడుగుతుండ్రు. ఏం చెప్పాలె వాళ్ళకు?”

“ఉన్నది చెప్పు.”

“ఉన్నదంటే ఎక్కడ మొదలుపెట్టాలె? పొద్దున ఐదింటికి సైకిల్ మీద సున్నం బస్తా తెచ్చి గ్రౌండ్‌కు గీతలు గీసింది ఎవరు? కాళ్ళకు బూట్లు లేని పోరగాళ్ళను తీస్కపోయి రాష్ట్రం ఫైనల్ గెలిపించింది ఎవరు? గోల్‌పోస్టులకు పాత పైపుల కోసం రైల్వేవాళ్ళ చుట్టూ ఏడాది తిరిగింది ఎవరు?”

“చెంపదెబ్బలు కొట్టింది ఎవరు? రవికిరణ్‌కు ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గ ఇనవడదు. అది గూడ చెప్పు పిల్లలకు.”

“చెప్త. రవికిరణ్ గ్రూపుల ఏం రాసిండో చదివినవా? ‘నా చెవి పోగొట్టిండు, అది మర్చిపోను, అయినా పొద్దటిసంది ఏడుస్తున్న’ అని రాసిండు. చెవి పోయినోనికి లేని కోపం నీకెందుకు?”

“నాది నాకుంది.”

“అదే అడుగుతున్న. ఏముంది? నిన్నెప్పుడన్న కొట్టిండా?”

“లేదు.”

“తిట్టిండా?”

“లేదు.”

“మరేంది?”

“నన్నెందుకు కొడ్తడు? నేను ఎప్పుడన్న ఆయన ముందట… ఊకో. ఉదయ వస్తుంది.”

కమలాకర్ భార్య ఉదయశ్రీ, కాకినాడ అమ్మాయి, రెండు టీ కప్పులతో వెనక మెట్లు దిగి వచ్చింది.

“ఏంటండీ, ఇంటికొచ్చిన మనిషిని షెడ్డులో నిలబెట్టి మాట్లాడతారా? తీసుకోండన్నయ్యా. అల్లం కాస్త ఎక్కువేశాను.”

“మంచిపని చేసినవ్ చెల్లెమ్మా. గొంతు పట్టింది.”

“మీ సారు పోయారని తెలిసిన దగ్గర్నుంచీ ఈయన సరిగ్గా తినట్లేదు. అడిగితే ఏం లేదంటారు. రేపు మాట్లాడతారుగా ఈయన?”

“అదే అడుగుతున్న.”

“మాట్లాడాలి మరి. మా పెళ్ళిచూపుల్లో మావయ్యగారు ముందు చెప్పిందే అది. మావాడు స్టేట్ ఆడాడండీ, స్పోర్ట్స్ కోటాలో సీటొచ్చిందండీ అని. మా నాన్నగారు మురిసిపోయారు. ఇంతకీ ఈయనది ఏ పొజిషన్ అన్నయ్యా? నేనెప్పుడడిగినా మాట మార్చేస్తారు.”

“ఉదయా, పొయ్యి మీద పాలున్నట్టున్నయ్.”

“కట్టేసే వచ్చానండీ. చెప్పండన్నయ్యా.”

“లెఫ్ట్ బ్యాక్, చెల్లెమ్మా.”

“బాగా ఆడేవారా?”

“ఎవరినీ దాటనిచ్చేటోడు కాదు.”

“చూశారా? ఇది చెప్పుకోడానికి సిగ్గేంటండీ మీకు. సరే, చల్లారిపోకముందే తాగేసి పైకి రండి. అన్నయ్య కూడా మనింట్లోనే తింటారు.”

ఆమె మెట్లెక్కాక పైన తలుపు మూసుకుంది.

“ఎందుకట్ల చెప్పినవ్?”

“అడిగింది కదా.”

“నేను బాల్ ముట్టలేదు, జితేంద్రా. ఒక్కనాడు గ్రౌండ్‌కు రాలే. ఆ సంగతి నీకంటే బాగ ఎవరికెరుక?”

“అది చెల్లెమ్మ ముందట చెప్పమంటవా?”

“చెప్పరాదు. ఎవరో ఒకరు చెప్పరాదు. ఇన్నేండ్ల సంది ఎవడన్న చెప్తడేమోనని కాచుకొని కూసున్న. ఆఫీసుల ఆదివారం ఫుట్‌బాల్ అంటే మోకాలు నొప్పి అంట. నొప్పి లేని మోకాలికి పట్టీ గూడ కొన్న. నా బిడ్డ కీటాల పోయి మా నాన్న ఫుట్‌బాల్ ప్లేయర్ అని చెప్పుకుంటుంది.”

“మెల్లగ. పైకి ఇనవడ్తది.”

“ఇనవడనీ. ఆయన మంచోడా చెడ్డోడా అని మీరు గ్రూపుల కొట్లాడుకుంటుండ్రు. నాకైతే ఆయన చెడ్డోడే కావాలె. ఆయన చెడ్డోడైతేనే నేను పదిహేడేండ్ల పోరన్ని. నాకేం తెలుసు అప్పుడు? మా చిన్నాయన సర్టిఫికెట్ తెచ్చి చేతుల పెట్టిండు, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు పోయిన. సారు పెద్దమనిషి. వద్దనాలె కదా. ఒక్క మాట వద్దంటే అయిపోతుండె కదా.”

“మీ చిన్నాయన లక్ష్మణరావు. అప్పుడు తహసీల్దారు.”

“ఆ. గ్రౌండ్ ఫైలు ఆయన టేబుల్ మీదనే ఉండె. ప్లాట్లు చేస్తమని ఎవరో కాయిదాలు పెట్టిండ్రు. టోర్నమెంట్ లిస్టుల నా పేరెక్కింది, లిస్టుల పేరుంటే సర్టిఫికెట్ దానంతట అదే వచ్చె. ఫైలు ఎట్ల వచ్చిందో అట్లనే వాపస్ పోయింది. సారుకు గ్రౌండ్ మిగిలింది, నాకు సీటొచ్చింది. అమ్ముకునుడంటే పైసలే కావాల్నా?”

“సగం కథనే చెప్పినవ్.”

“ఇంకేముంది?”

“ఆ సీటు ఎవరికి రావాల్సిందో చెప్పలే.”

“నీకు… నీకు తెలుసా?”

“ఆ కాలేజీల ఫుట్‌బాల్ మీద ఉన్నది ఒక్కటే సీటు. సర్టిఫికెట్ ఇద్దరిదీ ఒక్కటే, ర్యాంకు నీది ముందు. నోటీస్ బోర్డు మీద నీ పేరు పైన, నా పేరు కింద. చూస్తనే ఉంటి. తెల్వకుంట ఎట్లుంటది?”

“అంటే మొదటిసందే తెలుసు.”

“ఆ దినం సంది.”

“తెలిసే మా ఇంటికొస్తున్నవా? నా బిడ్డను ఎత్తుకొని తిప్పుతున్నవా? నా టీ తాగుతున్నవా?”

“టీ మంచిగుంటది.”

“పరాచికాలొద్దు. నీ వయసంత పోయింది కదరా. బీఎస్సీ, ఎమ్మెస్సీ, ప్రైవేటు కాలేజీల పాఠాలు. ఇప్పుడు పదేండ్లు చిన్న పిల్లలతోని హాస్టల్ కిచెన్‌ల వరుసల నిలబడి అన్నం వండుకుంటున్నవ్. ఒక్కసారన్న తిట్టరాదు నన్ను. నాలుగు గుద్దులు గుద్దరాదు. అయిపోతుండె.”

“తిట్టేతందుకు రాలే. మాట్లాడమని అడిగేతందుకు వచ్చిన.”

“నీ సీటు తీసి ఆయన నాకిచ్చిండు. ఆయన కోసమే నువ్వు హాలు బుక్ చేస్తవ్, ఫోటోకు ఫ్రేమ్ కట్టిస్తవ్. ఆయన వల్ల బాగుపడ్డ నేనేమో ఆయన పేరు ఇంటేనే మండిపోతున్న. నాకర్థమైతలేదు. పిచ్చి లేస్తుంది నాకు. నీకు ఆయన మీద కోపం లేదా?”

“లేదు.”

“ఎట్ల లేదు?”

“ఎంక్వైరీల సారును మూడుసార్లు పిలిచిండ్రు. కమలాకర్ అనే పేరు ఎట్లెక్కింది అని అడిగిండ్రు. కాయిదం మీద సంతకం నాది, నన్నేమన్న చేస్కోండ్రి అన్నడు. మూడుసార్లూ అదే మాట.”

“దొరికినంక అంటడు. అనకేం చేస్తడు?”

“నీ పేరెక్కినంక ఇంకో నలుగురు పైరవీలు పట్టుకొని వచ్చిండ్రు. మొదటోనికి ఇచ్చి మాకెందుకియ్యవంటే ఆయన దగ్గర జవాబు లేకపాయె. వాళ్ళ పేర్లు రాసిండు. అది ఆయన తప్పే, నేను కాదంటలేను. కని మొదటిది…”

“మొదటిది నాది. తెలుసు. అదే కదా నా గొంతుల ఇరికింది.”

“మీ చిన్నాయన ముందుగాల సారును పిలిచి అడిగిండు. గ్రౌండ్ పోతే పోనీ, ఆడని పిలగాని పేరు నేను రాయ అని చెప్పి లేచొచ్చిండు సారు. తర్వాత మీ చిన్నాయన నన్ను పిలిపిచ్చిండు.”

“నిన్నా? నిన్నెందుకు?”

“ఉన్నది ఒక్క సీటని అప్పుడు నాకెర్కలేదు. గ్రౌండ్ పోతే మేం ఎక్కడాడాలె అన్న బుగులొక్కటే ఉండె. ఎర్కయినంక నోరు లేవలే. సారు గూడ నన్ను ఒక్క మాట అనలే. రేపు మైకు నా చేతుల పెడ్తే అది చెప్పాల్సొస్తది, అందుకే నీ కాళ్ళమీద పడుతున్న.”

“ఏది చెప్పాల్సొస్తది? తిన్నగ చెప్పు, జితేంద్రా.”

“లిస్టు నింపేది కెప్టెన్, కమలాకర్. సారు పదిహేను పేర్లు చూసి సంతకం పెట్టి నా చేతికిచ్చిండు. పదహారోది నేను రాసిన.”