కప్పకి జిగురు పూసినవాడు

హలో… ఆ, నేనే. నా వర్క్‌షాపుకి ఫోన్ చేసి ఇంకెవరు ఎత్తుతారనుకున్నావ్?

…

ఓహో, ఇవాళ అక్క గుర్తొచ్చిందా! ఎనిమిదేళ్ళు నీ పడవలో వెనక కూర్చున్నాను. ఈ ఏడు చేపల పోటీకి మీ బామ్మర్దిని ఎక్కించుకున్నావ్. నాకు ఒక్క మాటైనా చెప్పావా? పేర్ల కాగితం గోడకి అంటించాక అందరితో పాటు నేనూ చదువుకున్నాను.

…

సర్లే, సాగదీయకు. ఏమైందో చెప్పు. పొయ్యి మీద రబ్బరు కరుగుతోంది, అడుగంటితే గదంతా కంపు.

ఊఁ…

ఊఁ… ఎన్నిసార్లు? నాలుగా!

నాలుగు బాస్ చేపలు నా రబ్బరు ఎర కప్పని నోట్లో పెట్టుకుని వదిలేశాయా? ఒక్కటీ గాలానికి పడలేదా?

— ఏయ్, నోరు అదుపులో పెట్టుకో! నా కప్పల్లో లోపమా? మీ పక్క పడవవాళ్ళు పొద్దున్న ఇక్కడే, ఇవే కప్పలు కొనుక్కెళ్ళారు. వాళ్ళకెన్ని పడ్డాయో అడుగు.

…

ఆరా? మరి ఇంకేం మాట్లాడతావ్!

పోటీ ముగియడానికి ఇంకా ఎంతసేపుంది? …ఇరవై నిమిషాలు. సరే. ఇప్పుడు నీ చేతిలో ఉన్న కప్పని వీపు మీద నొక్కు. నొక్కావా? గాలం మొన పైకి వచ్చిందా?

…

ఎందుకు రాదు? మెత్తటి రబ్బరేగా. వేలితో అంటే అణిగిపోవాలి.

…ఏం పూశావ్?

జిగురా!

ఎంత మేర? …మూతి నుంచి తోక దాకానా? కప్పకి తోకెక్కడిదిరా, దేభ్యం మొహమా!

…

జారిపోతోందని పూశావా? అది జారాలిరా! జారడం కోసమే కదరా నేను రెండేళ్ళు కిందామీదా పడింది! చేప కరవగానే కప్ప గాలం కాడ మీద వెనక్కి జారి ముద్దయిపోవాలి. అప్పుడే మొన బయటపడి చేప దవడకి గుచ్చుకుంటుంది. నువ్వు ఆ ఒళ్ళంతా గాలానికి అతికించేశాక మొన ఎక్కణ్ణుంచి వస్తుంది? నాలుగు చేపల్నీ నీ చేత్తో నువ్వే వదిలేసి, తప్పు నా మీదకి తోస్తున్నావా?

…

కొత్తది గుచ్చాలా? ఎలాగో చెప్పాలా? అదేంటి, నీకు తెలీదా? పోయినేడు పత్రికవాళ్ళకి చెప్పావుగా, ఈ పద్ధతి నువ్వే కనిపెట్టావని! ఫొటో కూడా దిగావుగా, నా కప్పని అరచేతిలో పెట్టుకుని!

…పొరపాటున రాశారా? ఏడాదైంది. దిద్దించావా?

నీకిది నవ్వులాటగా ఉందిరా. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? "మీ తమ్ముడి కప్పలు నాలుగు ఇవ్వండి" అంటున్నారు. నా అచ్చులు, నా చేతులు, నా బొబ్బలు! కప్పలేమో తమ్ముడివి! కడుపు మండిపోతోంది నాకు.

…

చెప్తాను. కానీ ఒక మాట. చేప పడిందా, కొలిచే ఆయన పడవలో మైకు పట్టుకుని వస్తాడుగా, ఆయనతో "ఇది మా అక్క పద్ధతి" అని చెప్పాలి. అందరికీ వినపడేలా. అంతకంటే నాకేమీ వద్దు.

…పిల్లల మీద ఒట్లెందుకురా? చెప్తానని చెప్పు చాలు.

…

ఊఁ. ఫోన్ నువ్వు పట్టుకో. గుచ్చేది మీ బామ్మర్దిని గుచ్చమను. నీకంత ఓపిక లేదు, వేలికి గుచ్చుకుంటావ్. స్పీకర్ పెట్టు.

బాబూ, వినపడుతోందా? వంపు బాగా వెడల్పుగా ఉన్న గాలం తీసుకో. చిన్నది వద్దు, రబ్బరు అణగడానికి చోటుండాలి. మొనని కప్ప మూతిలో పెట్టి, గోరంత లోపలికి పోనిచ్చి, గడ్డం కింద బయటికి తీయి. …తీశావా? ఇప్పుడు దారం కట్టే చివర మూతికి ఆనేదాకా గాలం లాగి, సగం తిప్పు. మొన కప్ప పొట్ట వైపు చూడాలి.

…భలే. గుచ్చకు, ఆగు! ముందు గాలాన్ని కప్ప పక్కన ఆనించి చూడు, వంపు ఎక్కడికొస్తుందో. అక్కడే పొట్టలోంచి నిటారుగా పొడిచి వీపు మీదకి తీయి. …వంకరగా ఉందా? మళ్ళీ తీసి గుచ్చు. కప్ప వంకరైతే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది.

…ఇప్పుడు మొన వీపు మీద పడుకుని ఉందా? మొన చివర మాత్రం పైతోలు కింద దాచు. చాలా కొంచెం, నాచు తగలకుండా. అంతే బాబూ. జిగురు సీసా నీళ్ళలో పారెయ్.

ఒరేయ్, విసిరావా? …తామరాకుల అంచున పడిందా? దారం మెల్లగా చుట్టు. మెల్లగా అన్నానా!

…

ఏంటా చప్పుడు? …చేప లేచిందా?

లాగకు! లాగకురా! నీళ్ళు చిందగానే కర్ర పైకి విదిలించి కొట్టడం నీకు చిన్నప్పట్నుంచీ ఉన్న రోగం! ఆగు. దాన్ని నోట్లో పెట్టుకోనీ. దారం బిగిసిందా? …ఇంకా లేదా? ఆగు మరి. ఊపిరి పీల్చుకో…

బిగిసిందా? కొట్టు! ఇప్పుడు కొట్టు!

…హలో? హలో!

పడిందా? …పడిందా! ఎంతుంది? …అబ్బో! వల వెయ్యమను, చేత్తో పట్టుకోవద్దను! అమ్మయ్య… నా గుండె నోట్లోకొచ్చిందిరా నాయనా.

…

వచ్చాడా కొలిచే ఆయన? సరే, నేను లైన్లోనే ఉంటా. మాట్లాడు.

…

…

ఒరేయ్.

ఏమన్నావ్ ఆయనతో?

…కాదు. సరిగ్గా చెప్పు. "మా కుటుంబంలో వస్తున్న పద్ధతి, నేను మెరుగుపెట్టాను" అన్నావ్. నేను లైన్లోనే ఉన్నానని మర్చిపోయావ్. అంతా విన్నాను.

…తొందరలో నోరు జారిందా? నాలుగు ముక్కలు, "ఇది మా అక్క పద్ధతి", వాటికి తొందరొచ్చిందా? అంత పెద్ద అబద్ధం మాత్రం కుదురుగా, తడుముకోకుండా చెప్పావే!

…

ఏడవట్లేదు. పొయ్యి ఆర్పేశా, ఆ పొగ.

…సరే, ఏడుస్తున్నా. అయితే ఏంటి? విను. నేను అక్కడికి బయల్దేరుతున్నాను. బహుమతులిచ్చే వేదిక దగ్గరికి. సంచిలో రెండు కప్పలు, రెండు గాలాలు వేసుకున్నా. ఆ మైకు ఆయన ముందు, జనం ముందు, బల్ల మీద పెడతా. ఒకటి నేను గుచ్చుతా, ఒకటి నువ్వు గుచ్చు. ఎందుకలా గుచ్చాలో కూడా నోటితో చెప్పు. మెరుగుపెట్టినవాడివిగా!

…పరువా? నీది ఇవాళ పోతుందని భయం. నాది ఏడాదిగా లేదు.

బతిమాలకు. …అక్కా అనకు.

…

ఇప్పుడే మైకులో చెప్పేస్తావా? చెప్పు. మంచిదే, చెప్పు.

చెప్పినా వస్తున్నాను. పెట్టేస్తున్నా.