నూట నాలుగో పేజీ

రెజ్లింగ్ పోటీలు జరిగే స్టేడియం గేటు పక్కన, అభిమానుల కోసం సరుకులు అమ్మే చిన్న దుకాణం. చేతిసంచితో ఒక పెద్దావిడ కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"మా ఆయన పుట్టినరోజు బాబూ. పనికొచ్చేది ఏదైనా చూపించు."

"ఈ ఛాంపియన్ బెల్టు తీసుకోండమ్మా. అందరూ ఇదే కొంటున్నారు."

"వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. పైన పటారం, లోన లొటారం."

"పోనీ, ఈ ముసుగు?"

"వెనక జిప్పా? అసలు ముసుగుకి తాళ్ళుంటాయి, బిగించి కడతారు. ఇది మొదటి పట్టుకే ఊడొస్తుంది. నీ బండి సీటుకి తొడుక్కో."

"మీ కంటికి ఏదీ ఆనేలా లేదు. ఈ పుస్తకం చూడండి. ఛాంపియన్ జీవితకథ, అన్నీ నిజాలే!"

"ఏదీ, ఇలా తే. నూట నాలుగో పేజీ... 'అడవిదున్న అని పేరుమోసిన నూట ముప్పై కిలోల రెజ్లర్ని ఒంటిచేత్తో ఎత్తి రింగు బయటికి విసిరేశాను.' అబ్బో! కోతలకైనా హద్దుండాలి."

"నిజంగానే విసిరాడమ్మా! వీడియోలో నేనూ చూశాను."

"చూశావులే. అవతలివాడు తనంతట తాను ఎగరకపోతే, వీడు అతని కాలి బొటనవేలు కూడా లేపలేడు. ఆ సంగతి ఒక్క ముక్కయినా రాశాడా?"

"ఎగిరాడని మీకెవరు చెప్పారు?"

"అలా ఎగిరి పడ్డ మోకాలికి పద్దెనిమిదేళ్ళుగా తైలం రాస్తున్నది నేనే."

"...అయితే పుస్తకం వద్దామ్మా?"

"ఎందుకొద్దు? ప్యాక్ చెయ్యి. ఒక ఎర్ర పెన్ను కూడా పెట్టు. తప్పులు ఆయనే దిద్దుతారు."