తాడు దగ్గర మాట

మధ్యాహ్నం. కుట్టుమిషను ఉన్న ముందుగది. గుమ్మంలో టైర్ల కొట్టాయన, చేతిలో ఒక సంచి. కిటికీ అవతల వీధిలో ఒక జీపు ఆగి ఉంది.

“బూట్లు ఎందుకు కడిగారన్నయ్యా?”

“బురద గడ్డకట్టుకుపోయింది చెల్లెమ్మా. అలాగే తెచ్చి నీ చేతికి ఎలా ఇవ్వను?”

“ఆయన తొక్కిన బురదేగా. వారం వారం మీరిద్దరూ బురదలో జీపులు తిప్పి వస్తే నేనే గోకి గోకి కడిగేదాన్ని, ఇద్దర్నీ తిట్టుకుంటూ. ఈ ఒక్కసారి కూడా నేనే కడుక్కునేదాన్ని.”

“తప్పయిపోయింది. నాకు తోచలేదు.”

“పోనీలెండి. గుమ్మంలో నిలబడతారేం, కూర్చోండి. ఆ చొక్కాలు పక్కకి నెట్టండి. సూదులుంటాయి, చూసుకోండి.”

“ఇలాంటప్పుడు కూడా మిషను తొక్కుతున్నావా?”

“యూనిఫారాలు. బడి తెరిచేలోగా ఇవ్వాలి. మా ఇంట్లో మనిషి పోయాడని పిల్లలు చొక్కాల్లేకుండా వెళ్తారా? ఇవిగో మంచినీళ్ళు. రెండు చేతుల్తో పట్టుకోండి, ఆ వేలు మడవదుగా మీకు.”

“ఆ... అలవాటైపోయింది దానికి.”

“ఇక చెప్పండి. బూట్ల కోసమైతే మీరు రారు.”

“బయట జీపులో మీ తమ్ముడున్నాడు.”

“చూశాను.”

“చూసి కూడా పిలవలేదా?”

“పిలవలేదు.”

“వాడు కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో చెల్లెమ్మా. నా కొట్లోనే టైర్ల మధ్య పడుంటున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగడం లేదు వాడికి. ఇప్పుడు స్టేషన్‌కి వెళ్తున్నాం. ‘మా బావని నేనే చంపాను’ అని చెప్పేస్తాడట. వెళ్ళేముందు ఒక్కసారి అక్కని చూస్తానన్నాడు, తీసుకొచ్చాను.”

“నన్ను చూసి ఏం చేస్తాడు? ఏం మిగిలిందని చూడ్డానికి?”

“అలా అనకమ్మా. తోడబుట్టినవాడు.”

“తోడబుట్టినవాడు కాబట్టేగా ఈ బాధ! బయటివాడైతే నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేదాన్ని. అమ్మ మంచాన పడితే వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేను. తిట్టడానికి నోరు రాదు, చూడ్డానికి మనసు రాదు. నన్నేం చెయ్యమంటారు?”

“తప్పు వాడిది కాదు. అసలు ఎవరిదీ కాదు.”

“ఎవరిదీ కాకపోతే ఆయనెలా పోయారు? ఇప్పటిదాకా నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. ఆస్పత్రిలో అడిగితే ‘ఇప్పుడెందుకమ్మా’ అన్నారు. తర్వాత అడిగితే ‘ఇంకా ఎందుకమ్మా’ అన్నారు. మా వాడేమో నేలచూపులు చూసి ‘నేనే అక్కా, నేనే’ అంటాడు, అంతే. మీరు అక్కడే ఉన్నారు. మీరు చెప్పండి.”

“వినలేవు చెల్లెమ్మా.”

“వింటాను. మిషను కూడా ఆపేశాను. చెప్పండి.”

“పొద్దున్న అంతా బాగానే ఉంది. వాగు పక్క పల్లంలో జీపులేసుకుని రెండు చుట్లు తిరిగాం. మీ ఆయన మహా హుషారుగా ఉన్నాడు. మీ తమ్ముడికి ఒళ్ళంతా బురద, పళ్ళొక్కటే తెల్లగా. ‘ఊరందరికీ ఫోటోలు తీసేవాడికి ఇవాళ నేను తీస్తాను ఫోటో’ అని పడీ పడీ నవ్వాడు.”

“వాడు రానంటే నేనే పంపాను. ‘ఎప్పుడూ ఆ స్టూడియో చీకట్లో కూర్చుంటావు, ఒక్కరోజు బావతో వెళ్ళి ఒళ్ళు కదిలించరా’ అని. నేనే అన్నయ్యా!”

“ఇలా అవుతుందని నీకేం తెలుసు?”

“సరే. తర్వాత?”

“తర్వాత నా బండి వాగులో దిగబడింది. ఇరుసు దాకా. ఎంత తొక్కినా చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయేగాని కదిలితే ఒట్టు. నీళ్ళు బానెట్ దాకా వచ్చేశాయి. మొన్ననేగా ఇంజను కొత్తగా చేయించాను, నీళ్ళు తాగిందంటే ఇక అంతే సంగతులు.”

“ఊఁ.”

“మీ ఆయన తన జీపు తెచ్చి ముందు పెట్టి, తాడు కట్టాడు. మీ తమ్ముణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు.”

“వాణ్ణెందుకు? వాడికి మంచి రోడ్డు మీద నడపడమే అంతంత మాత్రం.”

“తాడు పని తెలిసినవాడు తాడు దగ్గరుండాలిగా. ‘నువ్వు వెనక్కి చూడకురా, పెద్దాయన ఏం చెప్తే అది చెయ్యి, చాలు’ అన్నాడు వాడితో.”

“పెద్దాయనంటే మీరు.”

“ఆ, నేనే. గట్టు మీద నిలబడి చెప్పేది ఒక్కరే ఉండాలి, తలో మాటా అనకూడదు. అది మా పద్ధతి. మీ ఆయన తడిపిన గోనెసంచి తీసుకుని తాడు మీద వెయ్యడానికి వెళ్ళాడు. కొక్కెం ఊడినా అది ఎగిరి ఎవరికీ తగలకుండా. అంత జాగ్రత్త గల మనిషి...”

“ఊఁ, చెప్పండి.”

“వంగి సంచి వేస్తున్నాడు. ఇంతలో ముందు బండి ఒక్క జానెడు కదిలింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ‘ఆగు! ఆగు!’ అని అరిచాను. రెండు ఇంజన్లు ఒకటే హోరు. నేను ‘ఆగు’ అంటే వాడికి ‘లాగు’ అని వినపడింది. ఒక్కసారిగా తొక్కేశాడు. తాడు బిగుసుకుని, కొక్కెం ఊడి, నేరుగా వచ్చి మీ ఆయన...”

“చాలు.”

“అందుకే వద్దన్నాను. ఏడవకు చెల్లెమ్మా.”

“ఏడవడం లేదు.”

“ఇంకాసిని నీళ్ళు తాగు.”

“అన్నయ్యా, మీరు ఏమని అరిచారన్నారు?”

“చెప్పానుగా. ఆగు అని.”

“ఆగు అని.”

“గొంతు చించుకుని అరిచాను. ఇప్పటికీ బొంగురు పోలేదు, చూడు. నేనన్నది ఆగు, వాడు విన్నది లాగు. స్టేషన్‌లో కూడా అదే చెప్తాను. కుర్రాడు కొత్త, వినికిడి పొరపాటు, కావాలని చేసింది కాదు అని. వాడి మీద ఈగ వాలకుండా చూసుకునే పూచీ నాది.”

“మా వాడు ఏమన్నాడు మీతో? లాగు అని విన్నానన్నాడా?”

“అన్నాడు పాపం. ‘లాగు అన్నారనుకున్నానండీ’ అని నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు.”

“మీ కాళ్ళు పట్టుకున్నాడా?”

“నేనే లేపి కూర్చోబెట్టాను.”

“ఆ వేలు ఎలా విరిగింది మీకు?”

“ఇప్పుడు నా వేలు గొడవెందుకు?”

“ఊరికే.”

“పాత దెబ్బ. తాడులో పడి నలిగింది.”

“ఆయన చెప్పారు నాకు. ఆ రోజు ఆయన స్టీరింగ్ దగ్గర, మీరు తాడు దగ్గర. మీరు ఆగు అన్నారు. ఆయనకి లాగు అని వినపడింది.”

“ఎప్పటి సంగతో అది.”

“ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అప్పట్నించి మీ ఇద్దరి మధ్య ‘ఆగు’ అన్న మాటే లేదు. బండి ఆపాలంటే ‘చాలు’ అనాలి. నేను స్కూటరు వెనక్కి తీస్తుంటే కూడా వెనకాల నిలబడి ‘చాలు, చాలు’ అనేవారు. ‘ఏమిటండీ, మీకు వడ్డిస్తున్నానా నేను?’ అని నవ్వేదాన్ని. ‘నవ్వకే, ఆ మాటకి వాడి వేలు పోయింది’ అనేవారు.”

“కంగారు చెల్లెమ్మా! కంగారులో నోటికి పాత మాటే వచ్చింది.”

“వచ్చే ఉంటుంది. కంగారులో మనిషికి ఏం తెలుస్తుంది?”

“అదే కదా నేననేది.”

“ఆయన వంగి ఉండడం మీకు కనపడిందా?”

“కనపడింది. అంటే, సంచి వేసేశాడనుకున్నాను.”

“వేసేశాడనుకున్నారు.”

“వేసేసి పక్కకి వచ్చేశాడనుకున్నాను. నీళ్ళు చూస్తే బానెట్ మీదికి ఎక్కుతున్నాయి, నేను నా బండి వైపు చూస్తున్నాను, అప్పుడు...”

“బండికి ఏం కాలేదుగా?”

“ఏంటి?”

“మీ కొత్త ఇంజను.”

“ఏం కాలేదు. తర్వాత ట్రాక్టరు తెచ్చి తీయించాం. బయట ఉన్నది అదే.”

“ఆయన పక్కకి వచ్చేశారనుకుంటే, మరి ఆగు అని ఎందుకు అరిచారన్నయ్యా?”

“నాకు పెళ్ళాం పిల్లలున్నారు చెల్లెమ్మా.”

“తెలుసు. మీ చిన్నదానికి గౌన్లు కుట్టేది నేనేగా. మా వాడికి ఎవరున్నారు? వాడికి నేనొక్కదాన్నే ఉన్నాను. నేను కూడా వాడి మొహం మీద తలుపేశాను.”

“వాడు కుర్రాడు. తప్పించుకుని ఎలాగో బతికేస్తాడు. నేను చూసుకుంటానన్నానుగా, జీవితాంతం చూసుకుంటాను వాణ్ణి. ఎక్కడికి లేస్తున్నావు?”

“కిటికీ తీస్తాను. జరగండి.”

“విను. ఒక్క మాట విను. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు...”

“చెయ్యి తియ్యండి.”

“చాలు! చాలు చెల్లెమ్మా, చాలు!”

“చూశారా? కంగారులో మీ నోటికి ఏ మాట వస్తుందో.”

“వాడు వింటాడు చెల్లెమ్మా!”

“తమ్ముడూ! ఒరేయ్ తమ్ముడూ! బండి దిగి లోపలికి రారా. నువ్వు సరిగ్గానే విన్నావు!”